పెరట్లో నాటింది పెరట్లోనే ఉంటుందా?

(వార్షిక మహాసభలో పెరటితోటల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



పొద్దున్నుంచి పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, రికవరీ శాతాలు విన్నారు. వాటి పక్కన మా అంశం చిన్నదిగా కనిపిస్తుంది: పెరట్లో ఏ మొక్క నాటుకోవాలి, ఏది నాటకూడదు. పోయిన ఏడాదైతే మేము కూడా పది నిమిషాల్లో ముగించేవాళ్ళం. గోంగూర వేసుకోండి, మునగ వేసుకోండి, పందిరికి బీర, చిక్కుడు పాకించండి, పిల్లలకు రక్తం పడుతుంది అని చెప్పి దిగిపోయేవాళ్ళం. ఈసారి అట్లా కుదరదు. మేము చేసిన తప్పు ఒకటుంది, ముందు అది చెప్పుకోవాలి.

నాలుగేళ్ళ కిందట మన నర్సరీ మొదలుపెట్టినప్పుడు ఆకుకూర విత్తనాల కంటే ముందు అందరూ అడిగింది కంచె. పెరటితోట వేయమంటారు సరే, మేకల్ని ఎవరు ఆపుతారు, పందుల్ని ఎవరు ఆపుతారు అని. ముళ్ళతీగె కొనాలంటే డబ్బు. అప్పుడు మాలో ఒకరు టౌను నర్సరీ నుంచి రంగురంగుల పూల కంచెమొక్క కొమ్మలు తెచ్చారు. పసుపు, గులాబీ కలిసిన చిన్న చిన్న పూల గుత్తులు. మనోళ్ళు తలంబ్రాల చెట్టు అంటారు, కొన్ని ఊళ్ళలో పులికంప అంటారు, పుస్తకాల్లో లంటానా. కొమ్మ గుచ్చితే చాలు నాటుకుంటుంది. నీళ్ళు అడగదు. మేకలు ముట్టవు. "మేకలు ముట్టవు" అనే మాటే మేము ప్రతి గ్రామ సంఘం మీటింగులో చెప్పి అమ్మాం. మేక ముట్టని చెట్టు ఆవుకు ఏమౌతుందోనన్న ఆలోచన మాకెవరికీ రాలేదు.

రెండో ఎండాకాలం మా సంఘం సభ్యురాలు ఒకామె కంచె ఏపుగా పెరిగిందని కొట్టి, ఆ కొమ్మలు దొడ్డి మూల వేసింది. గడ్డి లేని రోజులు. వరిగడ్డి మోపు ధర మీకు తెలుసు. ఆవు ఆకలికి ఆ ఆకు తినింది. మూడు నాలుగు రోజులకు కళ్ళు పచ్చబడినాయి, పేడ ఆగిపోయింది, ముట్టె మీద, చెవుల మీద తోలు ఎండకు కాలినట్టు లేచింది. పశువుల డాక్టరు వచ్చి చూసి, ఇది ఆ ఆకు విషమే, కాలేయం దెబ్బతినింది, ముందు నీడలో కట్టేయండి అన్నాడు. ఆవు బతికింది. పాలు మాత్రం ఎండిపోయినాయి. బ్యాంకు లింకేజీ అప్పుతో కొన్న ఆవు అది. పాలు ఆగిపోతే కంతు ఆగదు కదా. నాలుగు నెలల కంతులు సంఘం పొదుపు నుంచి సర్దాం. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది అని మాకనిపించింది.

ఆ తర్వాత మేము నలుగురం ఊరి వంక వెంబడి నడిచి చూశాం. చింతచెట్టు కింద, కరెంటు స్తంభాల కింద, చేని గట్ల మీద, ఎక్కడ పిట్టలు వాలతాయో అక్కడల్లా తలంబ్రాల మొలకలు. దాని నల్లటి పండ్లంటే గోరింకలకు, పికిలి పిట్టలకు ఇష్టం. తిని పోయి ఎక్కడో రెట్ట వేస్తాయి. మేము పెరళ్ళలో నాటింది కొన్ని వందల కొమ్మలే. మిగతా నాటు పిట్టలు వేశాయి. ఈ మొక్కను ఇంగ్లీషోళ్ళు 1800ల మొదట్లో కలకత్తా బొటానికల్ గార్డెనుకు అందం కోసం తెచ్చారట. ఇప్పుడు నల్లమల అడవిలో కూడా కనిపిస్తుంది. పూలకుండీలోకి వచ్చింది అడవిలో తేలింది.

ఈ మాట కడప జిల్లాలో నిలబడి చెప్పడానికి మాకు ఇంకో కారణం ఉంది. మనందరి బతుకుల్లో ముళ్ళు దించిన సర్కారు తుమ్మ, మన నోట కంపచెట్టు, మన దేశంలోకి ఎక్కడినుంచి వచ్చిందో తెలుసునా? అది మొదట నాటింది ఈ జిల్లాలోనే, కమలాపురంలో. మా ఊరి బస్సు రోజూ పోయే కమలాపురమే. 1876లో మద్రాసు రాజధాని ఉత్తర విభాగం అడవుల కన్సర్వేటరు బెడ్డోమ్ అనే దొర, ఎండ ప్రాంతాల్లో నాటడానికి ఈ చెట్టు గింజలు తెప్పించమని రెవెన్యూ శాఖకు రాశాడు. జమైకా దీవి నుంచి గింజలు వచ్చాయి. 1877లో కమలాపురంలో నాటారు. అది ధాత కరువు కాలం. మన ముత్తవ్వలు, వాళ్ళ అమ్మలు కథలుగా చెప్పిన కరువు. ఆ దొర చెడ్డ తలంపుతో చేశాడని మేము అనం. నీళ్ళు లేని నేలలో పచ్చగా బతికే చెట్టు, పొయ్యిలోకి కట్టె ఇచ్చే చెట్టు ఎవరికి వద్దు? సర్కారు తెచ్చిన తుమ్మ కాబట్టి సర్కారు తుమ్మ అయింది. అప్పుడు అది ఒక తోట మొక్క లాంటిదే. ఒక చిన్న మడిలో మొదలైంది.

ఇప్పుడు చెరువు కట్ట మీద అదే, చెరువు లోపల అదే, వంకలో అదే, రెండేళ్ళు బీడు పెట్టిన చేనులో అదే. ఎట్లా పాకిందో మనకు పుస్తకం చదివి తెలుసుకోవాల్సిన పని లేదు. ఎండాకాలంలో పసుపు కాయలు రాలతాయి, తియ్యగా ఉంటాయి, మేకలు, గొర్రెలు, పశువులు తింటాయి. లోపల గింజ గట్టిది, అరగదు. పేడలో, పెంటికల్లో పడి, ఆ తేమకు, ఆ ఎరువుకు ఇంకా బాగా మొలుస్తుంది. అంటే అక్కా, మనం పెరటి మడికి బలం అని తట్టల కొద్దీ మోసి వేసే మేకల ఎరువుతోనే కంప మన పెరట్లోకి వస్తోంది. మాగని ఎరువు వేస్తే కంప గింజ వేసినట్టే. కుప్ప వేసి, తడిపి, రెండు మూడు సార్లు తిరగేసి, లోపల చేయి పెట్టలేనంత వేడి పుట్టేదాకా మాగించిన ఎరువు వేసిన పెరళ్ళలో మొలకలు చాలా తక్కువగా కనిపించాయి. ఇది మేము పోయిన వానాకాలం పక్కపక్క ఇళ్ళలో చూసిన సంగతి.

కొట్టినా పోదు. మొదలు దగ్గర నరికితే ఒక కొమ్మ స్థానంలో ఆరు కొమ్మలు లేస్తాయి. నేల లోపలికి తవ్వి, వేరు మొదలుకు కింద కోస్తేనే చస్తుంది. అదే తొలి వానకు లేచిన మొలకైతే రెండు వేళ్ళతో పీకేయొచ్చు. ఒక్క వానాకాలం సోమరిపోతే మరుసటేడు గడ్డపార కావాలి, మూడో ఏడు జేసీబీ కావాలి. జేసీబీకి గంటకు ఎంతో మీలో చేను బాగుచేయించుకున్నోళ్ళు చెప్పండి.

ఈ మాటలన్నీ చెప్పి, పోయిన మాసం మా గ్రామ సంఘం మీటింగులో ఊరి చుట్టూ కంప మొత్తం పీకించాలని తీర్మానం పెట్టాం. చప్పట్లు కొడతారనుకున్నాం. వెనక వరుసలోంచి ఒక పెద్దమ్మ లేచింది. "మీ పెరళ్ళకు గోడలుండాయి. నాకు పెరడే లేదు. నా పొయ్యి ఆ కంప మీదే మండుతాంది. మీరు పీకేసినాక నన్ను ఎవరి గట్టు మీద కట్టె ఏరుకోమంటారు?" అని అడిగింది. మీటింగు ఒక్క నిమిషం సద్దుమణిగింది. ఆమె వెనక ఇంకో ముగ్గురు లేచారు. ఒకరింట్లో బొగ్గుల బట్టీ, ఇంకొకరు హోటళ్ళకు కట్టె మోపులు వేసేవాళ్ళు. గ్యాస్ బండ ఉంది కదా అన్నారెవరో. బండ ఉంది, నింపడానికి డబ్బు ఎక్కడిది, నీళ్ళు కాగేది ఈరోజుకీ కంపతోనే కదా అని ఆమె తిప్పి అడిగింది. మాకు జవాబు దొరకలేదు. నిజం చెప్పాలంటే మాలో సగం ఇళ్ళలో కూడా నీళ్ళు కాగేది దాంతోనే.

కంప మంచిదా చెడ్డదా అని అడిగితే ఇప్పటికీ మేము ఒక్క మాటలో చెప్పలేం. దాని కట్టె మంట గట్టిది, బొగ్గు మంచిది, తేనెటీగలు దాని పూలకు పోతాయి. కరువు ఏళ్ళలో దాని కాయలతోనే మేకలు బతికినాయి. అదే చెట్టు చెరువును మింగింది. కెన్యా దేశంలో ఇదే చెట్టును 1980లలో కట్టె కోసం, ఎడారి ఆగుతుందని పనిగట్టుకొని నాటించారు. బరింగో అనే చోట ఉండే ఇల్చామస్ తెగ పశుపోషకులు 2006లో తమ ప్రభుత్వం మీద కోర్టుకెక్కారు. ఆ తియ్యటి కాయలు నమిలి నమిలి పళ్ళు ఊడిన మేకను ఒకదాన్ని కోర్టుకు తీసుకుపోయారట, ఇదే మా సాక్షి అని. మన మేకలకు నోరుంటే ఏం చెప్పేవో.

అందుకని ఆ మీటింగులో తీర్మానం మార్చుకున్నాం. పెరళ్ళలో, సాగు చేలలో, వంక గట్టున, చెరువు లోపల మొలక కనిపిస్తే పీకాలి, అక్కడ రాజీ లేదు. ఊరుమ్మడి బీట్లో ఇప్పటికే పెరిగిన కంపను వంతుల వారీగా కొట్టుకోవచ్చు. వేరుతో తవ్వేది మాత్రం ఆ గుంతలో వేరే మొక్క పెట్టే ఏర్పాటు ఉన్నప్పుడే. ఎందుకంటే ఉత్తగా తవ్వి వదిలేసిన చోట ఆరు నెలల్లో మళ్ళీ కంపే లేచింది, లేకుంటే వయ్యారిభామ నిండింది. కాయలు రాలే రెండు నెలలు మేకలోళ్ళు కాయలు ఏరి, మరలో ఆడించి పెడితే గింజ చస్తుంది, మేకకు మేత దక్కుతుంది. ఈ పని ఇంకా ఎవరూ మొదలుపెట్టలేదు. మరకు కరెంటు ఖర్చు ఎవరు పెట్టుకోవాలనే దగ్గర ఆగి ఉంది.

ఇదంతా విని పత్తికొండ, ఆలూరు వైపు నుంచి వచ్చిన అక్కలు నిన్న రాత్రి మమ్మల్ని అడిగారు: అయితే పైదేశం మొక్కలేవీ నాటొద్దంటారా? లేదక్కా, అట్లా అంటే మన వంటింట్లో మిగిలేది ఏముంది. మిరపకాయ పైదేశందే. టమాట పైదేశందే. బొప్పాయి, జామ, సీతాఫలం సముద్రం దాటి వచ్చినవే. మన సీమ నమ్ముకున్న చెనక్కాయ కూడా దక్షిణ అమెరికాది. ఇవేవీ మన గట్టు దాటి పక్కవాళ్ళ చేను ఆక్రమించలేదు. చాలావరకు మనం విత్తితేనే మొలుస్తాయి, మనం నీళ్ళు పోస్తేనే బతుకుతాయి. కంప అట్లా కాదు. మన జమ్మి చెట్టు ఆ కంపకు దగ్గరి చుట్టమే. దసరాకు మొక్కుతాం, కొమ్మ ఇంటికి తెచ్చుకుంటాం. జమ్మి వచ్చి ఊరు మింగిందని ఎవరైనా చెప్పగా విన్నారా?

కాబట్టి మేము మొక్క పుట్టినూరు అడగడం మానేశాం. నర్సరీకి కొత్త మొక్క ఏది వచ్చినా ఇప్పుడు వేరే ప్రశ్నలు అడుగుతున్నాం. దీని గింజను ఎవరు మోస్తారు, పిట్టా, మేకా, గాలా, వంక నీళ్ళా? తెగిన ముక్క నేల మీద పడితే వేరు వేస్తుందా? కొట్టేస్తే మళ్ళీ లేస్తుందా? నచ్చక తీసేయాలంటే ఒక ఆడమనిషి పారతో తీసేయగలదా? పశువు తింటే ఏమౌతుంది? ఈ చివరిది మొదట అడగాల్సింది, మేము ఆలస్యంగా నేర్చుకున్నాం.

ఈ ప్రశ్నలతో చూస్తే టౌన్లలో ఇంటిముందు సిమెంటు తొట్లలో ఊదా పూల కోసం పెంచే గుర్రపుడెక్క అసలు పనికిరాదు. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై కడప దాకా వచ్చే కె.సి. కాలువే మన రెండు జిల్లాలను కలిపే తాడు. కర్నూలు వైపు తొట్టి కడిగి పారేసిన నాలుగు మొక్కలు ఆ నీళ్ళలో పడితే, అవి పిల్లలు వేసుకుంటూ కిందికే వస్తాయి. కింద మడికి నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఆ తొట్టి ఎవరిదో ఎన్నటికీ కనుక్కోలేరు. నేల మీద పచ్చగా పరుచుకొని పసుపు పూలు పూసే వెడీలియా అని ఒకటి నర్సరీల్లో అమ్ముతున్నారు. తెగిన కణుపు కణుపుకు వేరు వేస్తుంది. ప్రపంచంలో పాకి చెడగొట్టే 100 జీవుల జాబితా ఒకటుంది, అందులో అది ఉంది, లంటానా ఉంది, గుర్రపుడెక్క ఉంది, ఒకప్పుడు అద్భుతాల చెట్టని పంచిన సుబాబుల్ కూడా ఉంది.

వయ్యారిభామ సంగతి వేరు. దాన్ని ఎవరూ నాటరు. కానీ పీకరు కూడా. పెరటి గోడ పక్కన, బోరింగు కాడ, బడి దగ్గర తెల్ల పూలతో నిలబడి ఉంటుంది, మనం దాని పక్కనే బట్టలు ఆరేస్తాం. కాంగ్రెస్ గడ్డి అంటారు, 1950లలో పూణే వైపు మొదట కనిపించింది, గోధుమలతో వచ్చిందని చెబుతారు. దురద, దగ్గు, ఆయాసం తెచ్చేదని అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఇంకోటుంది. 2000 ఖరీఫ్‌లో మన పక్కనున్న అనంతపురం జిల్లాలో చెనక్కాయకు కాండం కుళ్ళు వైరస్ తెగులు వచ్చింది. సుమారు 2 లక్షల 25 వేల హెక్టార్లు దెబ్బతిన్నాయి. నష్టం 300 కోట్ల రూపాయల పైనే అని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. ఆ వైరస్ దాక్కున్నది వయ్యారిభామలో. ఆ మొక్క మీద తెగులు లక్షణం ఒక్కటి కూడా కనపడదు, నిగనిగలాడుతూ ఉంటుంది. దాని పుప్పొడిలో వైరస్ ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని ఒంటికి అంటించుకొని చెనక్కాయ ఆకు మీదకు పోతాయి. గోడ పక్కన మనం వదిలేసిన మొక్క, అరకిలోమీటరు అవతల ఎవరిదో పంట. ఆ ఏడాది పెట్టుబడి పోయి వలసపోయిన ఇళ్ళు మన సభలోనూ ఉన్నాయి. అది గడ్డి వల్ల అని అప్పుడు ఎవరూ చెప్పలేదు, వానదేవుణ్ణి తిట్టుకున్నాం.

బొప్పాయికి పట్టే పిండినల్లి కూడా వయ్యారిభామ మీద బతుకుతుంది. పెరట్లో బొప్పాయి పెట్టుకొని గోడ అవతల దీన్ని ఉంచుకుంటే బొప్పాయికి మందు కొట్టీ లాభం లేదు.

దీన్ని పూత రాకముందే పీకాలి, తడి నేల మీద, చేతులకు కవర్లో, పాత గుడ్డో చుట్టుకొని. ఆయాసం ఉన్నోళ్ళు ఆ పనికి రావద్దు. మాలో ఒకరు మొండికేసి వచ్చి రాత్రంతా నిద్రలేకుండా దగ్గారు. పూత రాని మొక్కను ఎరువు గుంతలో వేయొచ్చు, పూత వచ్చింది వేయకూడదు. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. పీకిన చోట తంగేడో, తగిరెసో చల్లితే అవి దాన్ని లేవనీయవు. చెనక్కాయ చేను చుట్టూ నాలుగు వరుసలు జొన్న గానీ సజ్జ గానీ వేస్తే పురుగుకు అడ్డం నిలుస్తుంది. జొన్న చొప్ప పశువుకు, గింజ మనకు. ఈ నాలుగు వరుసలు వేయించడం కోసం ఇంట్లో మగవాళ్ళతో పోట్లాడాల్సి వస్తుంది, పోట్లాడండి.

పాత సంగతి ఒకటి. మా అవ్వల కాలంలో బ్రహ్మజెముడు ఇట్లాగే ఊళ్ళను మింగిందట. అదీ కంచెకు తెచ్చి పెట్టుకున్నదే. 1926లో సింహళం నుంచి తెచ్చిన ఒక తెల్లటి పిండిపురుగు దాన్ని తిని తిని తగ్గించింది. ఇప్పుడు కంపకు, తలంబ్రాలకు అట్లాంటి పురుగు వస్తుందని కాచుకొని కూర్చోలేం. వయ్యారిభామను తినే మెక్సికో పెంకుపురుగును 1984లో బెంగళూరులో వదిలారు, వానాకాలంలో అక్కడక్కడా ఆకులు జల్లెడ చేసి కనిపిస్తుంది, కానీ మన ఎండలకు అది ఎక్కువ కాలం నిలవడం మేము చూడలేదు.

ఇక కోనోకార్పస్. దీని మీదే ఎక్కువ చీటీలు వచ్చాయి కాబట్టి చెబుతాం. రోడ్ల మధ్యన, వెంచర్ల చుట్టూ కోన్ల మాదిరి కత్తిరించి పెంచుతున్న పచ్చటి చెట్టు. 2023లో గుజరాత్, 2025 జనవరిలో తమిళనాడు ప్రభుత్వాలు దీన్ని నాటొద్దన్నాయి. పుప్పొడితో ఆయాసం వస్తుందని, వేర్లు పైపుల్లోకి పోతాయని ఫిర్యాదు. అంత రుజువు లేదనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. ఆ తగువు తీర్చేంత చదువు మాకు లేదు. కంప మాదిరి గింజతో పాకడం మేము ఎక్కడా చూడలేదు, కొమ్మ గుచ్చితేనే వస్తోంది. మా అభ్యంతరం వేరే. మూడు సెంట్ల పెరట్లో అది ఉంటే మేకకు ఆకు లేదు, మనిషికి కాయ లేదు, దేవుడికి పూవు లేదు. నీళ్ళు మాత్రం తాగుతుంది. మన పెరట్లో అంత జాగా దానికి దేనికి? అయితే కోనోకార్పస్ మీద ఇంత గోల చేసే ఊళ్ళో గోడ పక్కన వయ్యారిభామ మీద ఎవరూ నోరెత్తరు, అదీ మాకు వింతగానే ఉంది.

ఈ మాట మీద మనకు డబ్బు నష్టం కూడా జరిగింది, దాచకూడదు. పోయిన శీతాకాలంలో ఒక వెంచర్ వాళ్ళు కోనోకార్పస్ మొక్కలు పెద్ద మొత్తంలో పెంచిస్తారా అని అడిగారు. ధర బాగుంది. మేము వద్దన్నాం. నర్సరీలో పనిచేసే చెల్లెళ్ళు మా మీద కోపపడ్డారు. "మీరు ఉపసంఘం, మాట చెప్పి పోతారు, కూలి పోయేది మాకు" అన్నారు. ఆ మాట నిజం. పైగా అమ్మకానికి సిద్ధంగా ఉన్న తలంబ్రాల మొక్కల్ని బ్యాగుల్లోనే ఎండబెట్టి కాల్చేశాం. ఆ నష్టంలో సగం మండల సమాఖ్య భరించాలని, మిగతా సగం నర్సరీ ఖాతాలో రాయాలని కార్యవర్గం తీర్మానించింది. చెల్లెళ్ళ కూలి మాత్రం ఒక్క రూపాయి తగ్గించకూడదని మేము పట్టుబట్టాం. ఈ లెక్క ఈ పుస్తకం చివర ఆదాయ వ్యయాల పట్టీలో ఉంది, చూసుకోండి.

మరి కంచెకు ఏం పెట్టాలి? మాకు తెలిసినవి చెబుతాం. కలివి పెట్టండి. కోస్తా వాళ్ళు వాక్కాయ అంటారు. ముళ్ళు గట్టివి, మేక దూరదు, నీళ్ళు అడగదు, వానాకాలంలో కాయ. పప్పులోకి, పచ్చడికి పుల్లగా ఎంత బాగుంటుందో మీకు చెప్పాల్సిన పని లేదు. మన లంకమల అడవి పక్కన 1986లో మళ్ళీ కనిపించి ప్రపంచమంతా పేరు పొందిన పిట్ట కలివికోడి, ఆ పేరు ఈ పొదల నుంచి వచ్చిందే. మన దగ్గర ఉన్న చెట్టును వదిలిపెట్టి పూలకంచె కొనుక్కొచ్చాం. లోపల వరుసకు గోరింట పెట్టండి, ఆకు కోసి ఎండబెట్టి అమ్ముకోవచ్చు. వావిలి పెట్టండి, ఆకు ధాన్యంలో వేస్తే పురుగు పట్టదు, బాలింతల నీళ్ళకు పనికొస్తుంది, దాన్నీ మేకలు పెద్దగా ముట్టవు. కలివికి ఒక లోపం ఉంది. అది నెమ్మది. పూలకంచె ఆరు నెలల్లో మనిషెత్తు లేచింది, కలివికి రెండు మూడేళ్ళు పట్టింది. ఆ లోపల ఎండిన కంపే కోసుకొచ్చి అడ్డం పెట్టుకోవాలి. అవును, కంపే. కాయలు లేని కొమ్మలు చూసి కోసుకోండి.

ఇంకో మాట. నర్సరీలో అడిగిన మొక్క లేదని ఊరికే తిప్పి పంపొద్దని చెల్లెళ్ళకు చెప్పాం. తలంబ్రాలు అడిగినవాళ్ళకు ఆవు సంగతి చెప్పండి, ఆ ఆవు యజమానురాలే చెబుతానంది. ఆమె ఇప్పుడు మా ఉపసంఘంలో ఉంది. ఆమె దొడ్డి చుట్టూ తలంబ్రాలు తవ్వి తీసి కలివి పెట్టాం. వేర్లు మిగిలిన చోట ఇంకా మొలకలు వస్తూనే ఉన్నాయి, ఆదివారం ఆదివారం పీకుతోంది.

ఏరువాక లోపల ఏ గ్రామ సంఘానికి ఎన్ని కంచె మొక్కలు కావాలో సంఘమిత్రల ద్వారా చీటీ రాసి పంపండి, ముందు రాసినోళ్ళకు ముందు ఇస్తాం. మీ గట్ల మీద కలివి చెట్లుంటే బాగా మాగి నల్లబడిన పండ్లు తెచ్చి ఇవ్వండి, కిలో లెక్కన డబ్బు ఇస్తాం. గింజలు తీసి ఎండలో పెట్టి దాచొద్దు, అవి నిలవ ఉంటే మొలవవు. పండు పిసికి, కడిగి, రెండు మూడు రోజుల్లోనే బ్యాగులో వేయాలి. పోయినేడు మేము డబ్బాలో దాచి ఒక్క మొలక కూడా చూడలేదు.

మర ఖర్చు సంగతి, ఊరుమ్మడి బీట్లో కంప వంతుల సంగతి మధ్యాహ్నం భోజనాల తర్వాత చర్చకు పెడతామని అధ్యక్షురాలు అక్క చెప్పింది. ఆ పెద్దమ్మ కూడా సభకు వచ్చింది, మూడో వరుసలో కూర్చొని ఉంది. మొదట ఆమెనే మాట్లాడించండి.